బోదకాలు: కట్టు వలన కలుగు మేలు

చేనికి నీరు పెట్టుట యెంత ముఖ్యమో, పెట్టిన నీటిని తీసివేయుటయు నంత ముఖ్యమని డెల్టా రైతులకు వేఱుగ చెప్పనక్కఱలేదు. పంటకాలువ యెంత నిండుగ పాఱినను, మురుగుకాలువ పూడిపోయినచో చేను ముంపునకు లోనగును. ఏండ్లకొలది ముంపులో నున్న నేల చౌడుదేలి చెడును. మానవ దేహమునందును నిట్టి యేర్పాటే కలదు. దేహములోని మురుగుకాలువలు చెడినప్పుడు కాలో చేయియో వాచును. ఆ వాపు నుపేక్షించినచో చర్మము దళసరియై, మడతలు పడి, బొడిపెలు లేచి, బోదకాలుగ పరిణమించును.

కోస్తా జిల్లాలయందును, తెలంగాణమునందలి పెక్కు జిల్లాలయందును బోదకాలు కొత్త పేరు గాదు. ఈ వ్యాధి సాధారణముగ ప్రాణము తీయదు. పనిని మాత్రము తీయును. ఊడ్పు వరుసలో ముందు నడచిన మనిషి వ్యాధి ముదిరినకొలది యింటి యరుగునకు పరిమితమగును. ఏటికి పలుమాఱులు చలిజ్వరము వచ్చి దినముల తరబడి మంచము పట్టించును. వానకాలమున నివి హెచ్చు. అనగా చేనిలో చేతినిండ పనియున్న దినములలోనే రైతు పడియుండవలసి వచ్చును. సిగ్గుచే కాలిని దాచుకొనువారును, పెండ్లి సంబంధము తప్పిపోవునని కూతురి వాపును మఱుగుపఱచు తలిదండ్రులును, "వచ్చినది పోదు" అని ఊరకుండువారును పెక్కుమంది కలరు.

ఇంత నిరాశకు కారణము లేదని తెలుపుటయే యీ వ్యాసముయొక్క యుద్దేశము. ముదిరిన బోదకాలు మునుపటి కాలివలె కాకపోవచ్చును. కాని వాపును తగ్గించుకొనవచ్చును, తగ్గినదానిని నిలుపుకొనవచ్చును, జ్వరములను చాలవఱకు తప్పించుకొనవచ్చును. ఇందుకు ముఖ్యముగ కావలసినవి రెండు: ప్రతిదినమును కాలు కడుగుట, తగిన బిగువుతో కట్టు కట్టుట. మొదటిది లేక రెండవది పనికిరాదు.

వాపు కలుగు విధము

గుండెనుండి బయలుదేఱిన నెత్తురు ధమనులగుండ అవయవములకు చేరును. అచ్చట మిక్కిలి సన్నని నాళములనుండి కొంత ద్రవము బయటికి ఊఱి కండరములను చర్మమును పోషించును. ఈ ద్రవము తిరిగి నెత్తురులో కలియవలెను. అట్లు కలియుటకు వేఱుగ సన్నని నాళములు కలవు. వీనిని శోషరస నాళములందురు. ఇవి దినమునకు రమారమి రెండు మూడు లీటర్ల ద్రవమును గజ్జలలోను చంకలలోను నుండు గ్రంథులగుండ నడిపించి, మెడక్రింది సిరలలో చేర్చును. వీనిలో తూము తలుపులవంటి కవాటములుండుటచే ద్రవము పైకి పోవునేగాని క్రిందికి జాఱదు. ఈ నాళములకు గుండెవంటి యంత్రము లేదు. తమంతట తాము ముడుచుకొనుటవలనను, మనము నడచునప్పుడు పిక్క కండరములు ఒత్తుటవలనను పని జరుగును.

బోదకాలును కలిగించు పురుగు దారమువంటిది. మన దేశమున నెక్కువగ కనబడు జాతికి వుచెరేరియా బాంక్రాఫ్టి యని పేరు. ఇది శోషరస నాళములలో కొన్ని యేండ్లు కాపురముండి లక్షలకొలది పిల్లలను కనును. ఆ పిల్లలు రాత్రివేళ నెత్తురులో తిరుగును. అందుచేతనే ఆరోగ్యశాఖవారు రాత్రులయందు వచ్చి నెత్తురు పరీక్షింతురు. మురుగు గుంటలలో పెరుగు క్యూలెక్సు దోమ యీ పిల్లలను పీల్చి మఱియొకరికి చేర్చును. పెద్ద పురుగుల వలన నాళములు ఉబ్బి, కవాటములు చెడి, ద్రవము క్రిందనే నిలిచిపోవును.

వాచిన కాళ్లన్నియు పురుగు వలన వాచినవి కావు. స్తనమందలి పుట్టకుఱుపునకు శస్త్రచికిత్స చేయించుకొని, చంకలోని గ్రంథులు తీసివేయబడిన స్త్రీలలో కొందఱికి ఆ వైపు చేయి వాచును. ఇథియోపియా దేశపు మెట్టప్రాంతములలో అగ్నిపర్వత జన్యమైన యెఱ్ఱమట్టిపై చెప్పులు లేక తిరుగు రైతులకు, ఏ పురుగు లేకయే, బోదకాలువంటి వ్యాధి వచ్చును. కారణములు వేఱైనను చెడినది శోషరస మార్గమే గనుక, వాపునకు చేయవలసిన సేవ చాలవఱకు నొక్కటియే.

మాత్రలు చేయు పని, చేయని పని

1872లో కలకత్తాయందు తిమోతి లూయిస్ అను వైద్యుడు మనుష్యుని నెత్తురులో నీ పురుగు పిల్లలను కనిపెట్టెను. 1877లో చీనాలోని అమోయి రేవునందు పాట్రిక్ మాన్సన్ ఇవి దోమ కడుపులో పెరుగునని చూపెను. మందు దొరకుటకు మఱి డెబ్బదియేండ్లు పట్టెను. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వమున అమెరికాయందలి లెడర్లీ పరిశోధనశాలవారు 1947లో డైఇథైల్ కార్బమజీన్ అను మందును వెలువరించిరి. బోదకాలు విరివిగ నుండిన గోదావరి సీమలో పుట్టినవాని చేతిమీదుగ నా మందు లోకమునకు దక్కుట మనకు గర్వకారణము.

2004 మొదలుకొని మన దేశమున ఈ మాత్రలను వ్యాధియున్న జిల్లాల ప్రజలందఱకును ఏటేట పంచుట జరిగినది. పిమ్మట ఆల్బెండజోలు తోడైనది. 2018 మొదలు కొన్ని జిల్లాలలో ఐవర్మెక్టిన్ అను మూడవ మందును చేర్చిరి. 2027 నాటికి ఈ వ్యాధిని నిర్మూలింపవలెనని భారత ప్రభుత్వము సంకల్పించినది.

ఐతే నొక్క సంగతి గుర్తుంచుకొనవలెను. మాత్ర నెత్తురులోని పురుగు పిల్లలను చంపి, వ్యాధి యొరునికి సోకకుండ చేయును. చెడిపోయిన నాళమును బాగుచేయజాలదు. "మాత్రలు మ్రింగితిమి, కాలు తగ్గలేదు, ఇక మాత్ర లేల?" అనుట సరికాదు. మాత్ర పొరుగువాని కాలిని, రేపటి పిల్లల కాలిని కాపాడును. వాచిన కాలిని కాపాడునది మన చేతి సేవ.

ముందుగ శుభ్రత

బోదకాలును పెంచునది ముఖ్యముగ జ్వరము. కాలు ఎఱ్ఱనై, వేడెక్కి, గజ్జలో బిళ్లకట్టి, వణుకుతో వచ్చు నీ జ్వరము పురుగుది కాదు. వ్రేళ్లసందులలోని పగుళ్లగుండ, గీఱుళ్లగుండ లోపలికి పోవు సూక్ష్మజీవులు దీనికి కారణము. నిలిచిన నీటిలో పాచి పెరిగినట్లు, నిలిచిన శోషరసములో నవి వేగముగ పెరుగును. ఒక్కొక్క జ్వరము వచ్చిపోయినప్పుడెల్ల మిగిలిన నాళములు మఱికొన్ని చెడి వాపు ఒక మెట్టు హెచ్చును. కావున జ్వరమును ఆపినవాడు వాపును సగము ఆపినవాడే.

ప్రతిదినమును, వీలైనచో రెండు పూటలును, చల్లని లేక గోరువెచ్చని శుభ్రమైన నీటితోను మామూలు సబ్బుతోను కాలిని కడుగవలెను. మడతలను విప్పి లోపల కడుగవలెను. వ్రేళ్లసందులలో మెత్తని గుడ్డను పోనిచ్చి శుభ్రము చేయవలెను. రుద్దరాదు, వేడినీరు పోయరాదు. పిమ్మట పొడిగుడ్డతో నద్ది బాగుగ తడి యార్చవలెను. తడి నిలిచిన మడతయే పగులునకు మూలము. పగుళ్లున్నచోట వైద్యుడు చెప్పిన లేపనము వ్రాయవలెను. గోళ్లు జాగ్రత్తగ తీసికొనవలెను.

మెట్టపొలమునకు పోవువారు చెప్పులు లేక పోరాదు. దమ్ములో చెప్పు నిలువదు గనుక, ఊడ్పు పనివారు గట్టెక్కిన వెంటనే మంచినీటితో కాలు కడిగి తుడుచుకొను నలవాటు చేసికొనవలెను. రాత్రి పండుకొనునప్పుడు కాలిక్రింద దిండు పెట్టి కొంచెము ఎత్తుగ నుంచవలెను. కూర్చున్నప్పుడు మడమ నెత్తుచు దించుచు, పాదమును గుండ్రముగ త్రిప్పుచు నుండవలెను.

ఒత్తిడి పనిచేయు తీరు

మోకాలిలోతు నీటిలో నిలుచున్నవానికి పాదముచుట్టు నెక్కువ ఒత్తిడియు, పైకి పోయినకొలది తక్కువ ఒత్తిడియు తగులును. 45 సెంటీమీటర్ల లోతునీటి యడుగున నీ ఒత్తిడి రమారమి 33 పాదరస మిల్లీమీటర్లు. జర్మనీలో పుట్టి అమెరికాకు పోయిన కాన్రాడ్ జాబ్‌స్ట్ అను ఇంజనీరునకు కాళ్లలోని సిరల జబ్బుండెను. ఈతకొలనులో నిలిచినప్పుడు తన కాళ్లకు సుఖముగ నుండుట గమనించి, నీరు చేయు పనిని గుడ్డచే చేయింపవచ్చునని యెంచి, చీలమండవద్ద బిగువు హెచ్చియు పైకి తగ్గియు నుండు మేజోళ్లను తయారుచేసెను. ఇంతమాత్రముచే వాపున్నవారు వరిచేని నీటిలో నిలువదగునని యెంచరాదు. మురికినీట నానిన చర్మము పగిలి జ్వరమును తెచ్చును. నీటి ఒత్తిడి కావలెను, నీటి తడి కూడదు, అందులకే కట్టు.

కట్టు రెండు విధముల మేలు చేయును. నాళములనుండి ద్రవము అధికముగ ఊఱకుండ అడ్డగించుట యొకటి. పిక్క కండరమునకు గట్టువలె నిలుచుట రెండవది. గట్టులేని కాలువలో నీరు పక్కలకు పొరలిపోవునుగాని ముందుకు సాగదు. అట్లే కట్టులేని వాచిన కాలిలో కండరము ఉబ్బినను ఆ బలము మెత్తని చర్మముపై వృథాయగును. బిగువైన కట్టున్నచో కండరము లోనికి ఒత్తి ద్రవమును పైకి నెట్టును. కావుననే బోదకాలికి రబ్బరువలె మిక్కిలి సాగు పట్టీకంటె కొలదిగ సాగు నూలు పట్టీ మేలు. మిక్కిలి సాగునది పండుకొన్నప్పుడును కాలిని పిండుచుండును; కొలదిగ సాగునది నడచునప్పుడు గట్టిగను, విశ్రాంతివేళ నెమ్మదిగను ఒత్తును. కట్టుకట్టుకొని కదలక కూర్చుండువానికి సగము ఫలమే దక్కును. నడువవలెను.

కట్టు, మేజోడు

కట్టు కట్టుట చూచి నేర్చుకొనవలసిన విద్య. శిక్షణ పొందిన నర్సువద్ద గాని, ఫిజియోథెరపీ వైద్యునివద్ద గాని రోగియు, ఇంటివారిలో నొకరును నేర్చుకొనవలెను. దాని క్రమ మిట్టిది. కడిగి యార్చిన కాలిపై మొదట మెత్తని నూలుతొడుగు వేయవలెను. చీలమండ పక్కపల్లములలోను ఎముక తేలినచోటను దూది లేక మెత్తలుంచి కాలిని సమముగ గుండ్రము చేయవలెను. పట్టీని వ్రేళ్ల మొదటినుండి యారంభించి, మడమను విడువక, మోకాటిక్రిందివఱకు చుట్టవలెను. ప్రతిచుట్టును క్రిందిచుట్టులో సగమును కప్పవలెను. బిగువు మొదటినుండి చివరవఱకు సమముగ నుండవలెను. ఒకే బిగువుతో చుట్టినను సన్నని చీలమండవద్ద ఒత్తిడి యెక్కువగను, లావైన పిక్కవద్ద తక్కువగను పడును. మనకు కావలసినదియు నదియే. మధ్యలో నొకచోట బిగించి కట్టినచో దాని క్రింది భాగము మఱింత వాచును.

కొన్ని వారములు ఇట్లు దినదినమును కట్టగా వాపు దిగి యొకచోట నిలుచును. అప్పుడు కొలతలు తీసి మేజోడు తీసికొనవలెను. వాపు దిగకమునుపు కొన్న మేజోడు కొలది దినములలోనే వదులైపోవును. కొలతలు ఉదయముననే తీయవలెను. ఒత్తిడినిబట్టి మేజోళ్లలో తరగతులు కలవు: 20 మొదలు 30 పాదరస మిల్లీమీటర్లవి, 30 మొదలు 40వి, అంతకు మించినవి. ఏది తగునో వైద్యుడు నిర్ణయింపవలెను. మడతలు పడిన కాలికి గుండ్రపు అల్లికకంటె, పరచి అల్లి కుట్టిన మందమైన మేజోడు బాగుగ నిలుచును.

ఉదయము లేచి చాలసేపు తిరుగకమునుపే మేజోడు తొడుగవలెను, రాత్రి తీసివేయవలెను. తొడుగునప్పుడు ఉంగరములు తీసి, రబ్బరు చేతితొడుగులు వేసికొన్నచో సులభముగ నెక్కును. ముడుతలు లేకుండ సరిచేయవలెను, పైయంచును మడచిపెట్టరాదు. రెండు జతలుండిన ఒకటి ఉతికి నీడ నార్చుచుండగా రెండవది తొడుగవచ్చును. దినమును ధరించు మేజోటి బిగువు రమారమి ఆఱు నెలలలో సడలును, అప్పుడు మార్చవలెను. వ్రేళ్లు నీలమైనను, తిమ్మిరెక్కినను, నొప్పి పుట్టినను వెంటనే విప్పవలెను. "బిగిసినకొలది మంచిది" అను మాట తప్పు.

దీని ఫలమును పరీక్షించి చూచినవారు కలరు. ఆస్ట్రేలియా రాజధానియగు కాన్‌బెర్రాలో కాలివాపుతో పాటు సూక్ష్మజీవుల వలని చర్మవ్యాధి మాటిమాటికి వచ్చుచున్న 84 మందిని రెండు వర్గములు చేసి, అందఱకును జాగ్రత్తలు నేర్పి, ఒక వర్గమునకు మాత్రము బిగువు వస్త్రములను ధరింపజేసిరి. 2020లో ప్రకటింపబడిన ఫలితమునుబట్టి వస్త్రము ధరించిన 41 మందిలో 6 గురికి, తక్కిన 43 మందిలో 17 గురికి ఆ వ్యాధి తిరిగి వచ్చినది. తేడా స్పష్టముగ నుండుటచే గడువునకు ముందే పరీక్షను ఆపిరి. ఇథియోపియాలోని రైతులకు కాలు కడుగుట, లేపనము, కట్టు, వ్యాయామము, మేజోళ్లు, బూట్లు అను నన్నింటిని కలిపి యేర్పాటుచేయగా జ్వరపు దాడులు రమారమి అయిదవవంతు తగ్గినట్లు 2018లో ప్రకటించిరి. మన దేశముననే, కేరళ రాష్ట్రమందలి కాసరగోడులో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అప్లయిడ్ డెర్మటాలజీ వారు చర్మశుభ్రతను, ఆయుర్వేద లేపనములను, యోగాసనములను, బిగువుకట్టును జోడించి బోదకాలు రోగులకు చికిత్స చేయుచున్నారు.

కట్టు కట్టరానివారు

మేలుచేయు నీ కట్టే కొందఱికి కీడుచేయును. జ్వరముతో కాలు ఎఱ్ఱబడి మండుచున్నప్పుడు కట్టరాదు. చల్లని తడిగుడ్డ వేసి, కాలెత్తిపెట్టి, వైద్యునిచే మందు పుచ్చుకొనవలెను. దాడి తగ్గి, నొప్పి పోయిన పిమ్మట వైద్యుని యనుమతితో మరల నారంభింపవలెను. పొగాకు త్రాగువారిలోను, మధుమేహము గలవారిలోను కాలికి నెత్తురు తెచ్చు ధమనులే మూసికొనియుండవచ్చును. పాదము చల్లబడుట, కొంతదూరము నడువగానే పిక్క పట్టివేయుట, వ్రేళ్లు నల్లబడుట దీని గుఱుతులు. అట్టివారికి బిగువుకట్టు కాలినే పోగొట్టవచ్చును. స్పర్శ తెలియని పాదమున్నవారును, గుండెబలము తగ్గినవారును వైద్యునడుగక కట్టరాదు. రెండు కాళ్లును సమముగ వాచి ఆయాసము, మొగము ఉబ్బుట యున్నచో గుండెను, మూత్రపిండములను పరీక్షింపజేయవలెను. ఒక్క పిక్క హఠాత్తుగ వాచి నొప్పిపెట్టినచో సిరలో నెత్తురు గడ్డకట్టియుండవచ్చును; ఆ దినమే ఆసుపత్రికి పోవలెను.

సంఘములు చేయదగిన పని

కట్టుపట్టీలును మేజోళ్లును ఆఱేసి నెలలకు మార్చవలసినవగుటచే పేదకుటుంబమునకు భారమగును. ఒక్కొక్కరు పట్టణమునకు పోయి చిల్లరగ కొనుటకంటె సంఘము పదిమందికి కావలసినవి యొక్కసారి తెప్పించిన వెల తగ్గును. విత్తనమును ఎరువును కలిసి కొను సంఘమునకు ఇది కొత్త పని కాదు. కొలత తీయుటకు నేర్చిన యొక మనిషి, మెత్తని టేపు, పేరు వ్రాసికొను పుస్తకము చాలును. ప్రతినెలయు నొక దినమున చీలమండ కొలతయు పిక్క కొలతయు వ్రాసికొన్నచో, వాపు తగ్గినదో హెచ్చినదో రోగికే తెలిసి పట్టుదల నిలుచును. స్త్రీల కొఱకు వేఱుగ గదిని, నేర్చిన స్త్రీని ఏర్పాటుచేయవలెను. లేనిచో వారు రారు.

బోదకాలు రోగులకు బేసిను, మగ్గు, సబ్బు, తువాలు, లేపనము గల పెట్టెలను ఆరోగ్యశాఖవారు ఇచ్చు పథకము కలదు; సంఘ కార్యదర్శులు ప్రాథమిక ఆరోగ్యకేంద్రమున విచారింపవలెను. వ్యాధి ముదిరినవారికి ఉభయ రాష్ట్రములయందును పింఛను ఏర్పాటు కలదు. అర్హతను గ్రామ కార్యాలయమున కనుగొనవచ్చును. ఇండ్లవద్ద మరుగుదొడ్ల గుంటలకు గాలిగొట్టములపై వల కట్టించుట, మురుగు నిలువనీయక పోవుట దోమను తగ్గించును. ఇది రోగులున్న యింటివారి పనియే కాదు, ఊరివారందఱి పని.

మురుగుకాలువను ఒక్క యేడు తవ్వి విడిచినచో మరల పూడును. ఏటేట తూడు తీసి, గట్టువేసినచో చేను నిలుచును. వాచిన కాలి సేవయు నట్టిదే. ఒక దినము కట్టి, వాపు దిగినదని మఱుదినము మానరాదు. ఉదయమున కడుగుట, కట్టుట, రాత్రి విప్పుట, ఎత్తున పెట్టుట యీ నాలుగును తిండివలె నిత్యమైనచో, అరుగుమీద కూలబడినవారిలో పెక్కుమంది తిరిగి పొలముగట్టు నెక్కగలరు. మీ యింట గాని మీ పొరుగున గాని కాలిని దాచుకొని కూర్చున్నవారున్నచో వారికీ సంగతి చదివి వినిపింపుడు.